దీవి డబ్బు ఏ పడవెక్కి పోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీళ్ల మధ్య ఊళ్ల గురించే. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి కొన్ని, మల్కన్‌గిరి నుంచి ఒకటి. మత్స్యకార సహకార సంఘాల లెక్కలు చూసే ఉద్యోగంలో ఈ రేవులన్నీ తిరిగినదాన్ని కాబట్టి, మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాది గోపాలపూర్ దగ్గర వాడ. బరంపురంలో డిగ్రీ చేసి, చిలికా సరస్సు దీవుల్లో పనిచేసే ఓ స్వచ్ఛంద సంస్థలో చేరాను. నాకు అప్పగించిన దీవిలో వందకు పైగా గడపలున్నాయి. ‘మీ ఊరి ప్రణాళిక మీరే తయారు చేసుకోండి’ అని మీటింగ్ పెడితే పదిహేను మంది కూడా రారు. వచ్చినవాళ్లు జెట్టీ కావాలి, కమ్యూనిటీ హాలు కావాలి అంటారు. ఆఫీసులో ఏమో త్వరగా ప్లాన్ ఇమ్మని టెన్షన్ పెడుతున్నారు. పాత ప్లాన్‌లో తేదీలు మార్చి ఇచ్చేయమని సీనియర్ ఒకాయన సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, రంభ

జవాబు: తేదీలు మార్చిన ప్లాన్ మాత్రం ఇవ్వకు బాబూ. దాని చివర ఆ ఊరివాళ్ల సంతకాలుంటాయి, వేలిముద్రలుంటాయి. తాము అనని మాట తమ పేరు మీద రాశారని ఒక్కసారి తెలిస్తే ఆ ఊరు మళ్లీ ఎవరి మీటింగుకీ రాదు. నీ మీటింగుకి జనం రాకపోవడానికి కారణం, నీకన్నా ముందు వచ్చినవాళ్లు అలాంటి పని చేసి ఉండటమే కావచ్చు.

మీటింగ్ ఎన్ని గంటలకు పెట్టావో రాయలేదు. ఉదయం పదకొండుకి పెడితే ఎవరూ రారు. సాయంత్రం పెట్టిన వలలు, ఖండాలనే బోనులు తెల్లవారకముందే ఎత్తుతారు. వెలుగొచ్చేసరికి రేవులో బేరం అయిపోవాలి. ఆ తర్వాత మగవాళ్లు నడుం వాలుస్తారు. ఆడవాళ్లు నీళ్లకి, వంటకి, చేప ఎండబెట్టడానికి పరుగెడతారు. ఊరికి తీరికయ్యే వేళ ఏదో ముందు ఊరిని అడిగి తెలుసుకో. అందరినీ ఒకేచోట కూర్చోబెట్టాలన్న పట్టుదల కూడా వదిలెయ్. రేవు దగ్గర ఒకసారి, వలలు బాగుచేసుకునే చెట్టు కింద ఒకసారి, బోరింగు దగ్గర ఆడవాళ్లతో ఒకసారి కూర్చో. సొంత వల లేనివాళ్లు, కొడుకుల్ని సూరత్ మగ్గాలకి పంపి ఇంట్లో మిగిలిన ముసలివాళ్లు పదిమందిలో నోరు విప్పరు. వాళ్ల గుమ్మానికి నువ్వే వెళ్లాలి.

ఇక అసలు సంగతి. ‘మీకేం కావాలి?’ అని అడిగావు. అలా అడిగితే ఎవరైనా జెట్టీ, హాలు, రోడ్డు అనే చెబుతారు. సర్కారు ఇవ్వగలదని వాళ్లకు తెలిసినవి అవే మరి. ఆ ప్రశ్న కొన్నాళ్లు పక్కన పెట్టి, ‘నిన్న రాబడి ఎంత, అది ఎటు పోయింది?’ అని అడిగి చూడు.

ఒక దీవి రేవులో నేను చూసింది చెబుతాను. మండ పీతలు దిగుతున్నాయి. డెక్కలు తాడుతో కట్టి, ప్రాణంతో ఉండగానే తూస్తారు. షావుకారు మనిషి ఒక్కో పీతనీ ఎత్తి చూసి పెద్దవి ఒక గంపలో, చిన్నవి ఇంకో గంపలో వేస్తున్నాడు. డెక్క ఊడినదాన్ని మూడో గంపలోకి విసిరాడు. దానికి సగం ధర కూడా పలకదు. తాడు తడిసి బరువెక్కిందని కిలోకి ఇంత అని కోత. ఎవరివి ఎంత తూగాయో పుస్తకంలో రాసుకున్నాడు. డబ్బు మాత్రం ఎవరి చేతికీ రాలేదు. అంతా పాత అడ్వాన్సులో జమ. పడవకి, వలకి తీసుకున్న ఆ అడ్వాన్సు ఇంకా ఎంత మిగిలిందని పీతలు తెచ్చినతని భార్యని అడిగాను. ‘ఆ పుస్తకానికే తెలియాలమ్మా’ అంది.

ఆ మధ్యాహ్నం ఆమె వసారాలో ఆడవాళ్లు కూర్చుని చింతపిక్కలతో లెక్క వేశారు. ఒక్కో పిక్క వంద రూపాయలు. ఒక ఇంటికి నెలలో వచ్చిందంతా ఒక కుప్ప. అందులోంచి బియ్యానికి ఇన్ని, డీజిలుకి ఇన్ని, ఐసుకి ఇన్ని, వల దారానికి, పిల్లల ట్యూషన్‌కి, ఫోన్‌కి అని తీసి సుద్దముక్కతో గీసిన గళ్లలో పెడుతూ పోయారు. ఒక గడిలో పిక్కలు ఎక్కువయ్యాయని ఒకామె తీసేస్తుంది, పక్కామె ‘కాదొదినా, మొన్న పండక్కి నువ్వే చెప్పావు’ అని మళ్లీ పెడుతుంది. చివరికి చూస్తే దీవిలో తిరిగే పిక్కలు గుప్పెడు. మిగతావన్నీ నీళ్లు దాటిపోయాయి. అందరూ ఆగి చూసింది ఆస్పత్రి గడిని. మందుల ఖర్చు అందులో కొంచెమే. అవతలి ఒడ్డుకి పడవ కిరాయి, అక్కడి నుంచి ఆటో, పొద్దుపోతే రాత్రి బస, తోడు వెళ్లినవాడు పోగొట్టుకున్న వేట, ఇవే పిక్కల్ని మింగేశాయి. అప్పటిదాకా హాలు కావాలన్నవాళ్లే, వారానికి ఒక్కరోజు నర్సు దీవికి రావాలి, అదీ సంత లేని రోజున రావాలి అని రాయించారు. ఆ తర్వాత ఐసు పెట్టె. హాలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ లెక్క తెలియకుండా తెచ్చే పథకాలన్నీ చిల్లుకుండలో పోసిన నీళ్లే. జెట్టీ అడగడం తప్పని కాదు. ఏ రేవులో కడతారన్నది అడుగు. షావుకారు కాటా ఉన్న రేవులో కడితే అది ఆయనకే బలం. ఊళ్లో రెండు రేవులుంటే వాటి మధ్యలో, ఎవరి కాటా అయినా పెట్టుకునేచోట కడితే ఊరికి బేరమాడే వీలు దొరుకుతుంది.

చిలికాలో పనిచేస్తున్నావు కాబట్టి ఇంకొకటి తెలుసుకోవాలి. చేప పెరిగితే బతుకులు వాటంతటవే బాగుపడతాయని చాలామంది నమ్ముతారు. 2000 సెప్టెంబరులో సరస్సు నుంచి సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. అంతకుముందు ఏడాదికి 1,700 టన్నుల చిల్లరకి పడిపోయిన దిగుబడి రెండేళ్లలోపే సుమారు 12,000 టన్నులకి చేరింది. 2002లో చిలికా అభివృద్ధి సంస్థకి, చిత్తడి నేలల్ని కాపాడినందుకిచ్చే రామ్‌సర్ అవార్డు వచ్చింది. చాలా గొప్ప పని అది. కానీ ఆ చేప ఎవరిదన్న తగువు నీటితో తీరేది కాదు. రొయ్యల పెంపకానికి వ్యతిరేకంగా 1990ల మొదట్లో పెద్ద ఉద్యమం నడిచింది. చిలికా చుట్టూ వెయ్యి మీటర్లలోపు రొయ్యల చెరువులు కూడదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 1999 మేలో సొరానాలో పోలీసు కాల్పులకి మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకని, నీ దీవివాళ్లు వేటాడే నీళ్లు ఏ ప్రాథమిక మత్స్యకార సంఘం పేరున లీజులో ఉన్నాయి, ఆ లీజుని సంఘమే వాడుకుంటోందా, బయటివాళ్ల చేతికి పోయిందా అన్నది నీ ప్లాన్ మొదటి పేజీలోనే ఉండాలి. ఇది రాయడానికి భయపడతారు. పేర్లు రాయనక్కర్లేదు, పరిస్థితి రాస్తే చాలు.

ఆఫీసు గడువు గురించి ఒక మాట. ఒడిశాలో పల్లిసభ, అంటే ఒక్కో ఊరివాళ్లు కూర్చునే సభ, ఏటా ఫిబ్రవరిలో జరగాలి. అక్కడ ఒప్పుకున్నదే గ్రామసభకీ, పంచాయతీ ప్లాన్‌కీ పోతుంది. కాబట్టి పిక్కల లెక్కలన్నీ జనవరిలోగా పూర్తి చేసుకో. ఏ పనికి ఏ ఖాతా నుంచి డబ్బు వస్తుందో కూడా ముందే చూసిపెట్టు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలంది. మిగతా 40 శాతాన్నే ఊరి ఇష్టానికి వదిలింది. ఇలాంటి షరతు ఊరికి చెప్పకుండా కోరికల జాబితా రాయిస్తే, ఏడాది తిరిగాక నిన్నే నిలదీస్తారు. సర్కారు డబ్బు అవసరమే లేని పనులకి విడిగా ఒక కాగితం పెట్టు. అందరికీ కనబడేలా రేవులో ఊరి కాటా ఒకటి పెట్టుకోవడం అలాంటిదే.

ప్రశ్న: అక్కా, మాది ఋషికుల్య సముద్రంలో కలిసేచోటికి దగ్గర పల్లె. ఒకపక్క నది, ఒకపక్క సముద్రం, దీవిలో ఉన్నట్టే. కోతకి చాలా ఇళ్లు పోయి కొత్త కాలనీకి మారాం. మా మిషన్ శక్తి (ఆడవాళ్ల పొదుపు సంఘం) గ్రూపులో ఎండుచేపల వ్యాపారం పెడదామనుకుంటున్నాం. బ్యాంకు లోను వచ్చేలా ఉంది. డ్రయ్యర్ మిషన్ కొనమని ఒకతను వెంటపడుతున్నాడు. కొనమంటారా?
— ఒక సోదరి, గంజాం జిల్లా

జవాబు: ఈ ఏడాది కొనొద్దు చెల్లీ. కారణం చెబుతాను.

మీ దగ్గర చేప ఎప్పుడుంటుంది, ఎండ ఎప్పుడుంటుంది అన్నవి పక్కపక్కన రాసుకో. నవంబరు 1 నుంచి మే 31 దాకా గుడ్లు పెట్టే తాబేళ్ల రక్షణ కోసం మీ ముఖద్వారం దగ్గర వేటకి ఆంక్షలుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి తూర్పు తీరమంతా నిషేధం. జూన్ మధ్య నుంచి చేప ఉంటుంది గానీ ఎండ ఉండదు. డ్రయ్యర్ అక్కరకొచ్చేది ఆ వానల నెలల్లోనే. కాబట్టి మొదటి ఏడాది వెదురు బల్లలు కట్టి, పైన పాత వల పరిచి, నేలకి నడుమెత్తున ఎండబెట్టండి. వానకి ఎంత సరుకు చెడిందో ఏ రోజుకారోజు రాయండి. ఆ నష్టం మిషన్ వాయిదాలకన్నా ఎక్కువని తేలితే వచ్చే ఏడాది ధైర్యంగా కొనుక్కోండి.

బల్ల మీద ఎందుకంటే, ఇసుకలో ఎండిన నెత్తళ్లు చాలావరకు కోళ్ల దాణాకి పోతాయి. ఇసుక అంటని సరుకుకి ఇంటి వంటకి కొనేవాళ్లు వస్తారు, ధర తేడా బాగా ఉంటుంది. నాలుగు కిలోల పచ్చి నెత్తళ్లు ఎండితే సుమారు కిలో తేలతాయి. పచ్చివి కిలో 60 రూపాయలకి కొన్నారనుకో, ఎండు కిలోకి 240 అక్కడే పడింది. ఉప్పు, గోనెలు, ఆటో, మీ కూలి కలిపితే ఎంతకి అమ్మాలో మీకే తెలుస్తుంది. కూలి లెక్కలోంచి తీసేయకండి. ఆడవాళ్ల గ్రూపుల పుస్తకాల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది అదే, తమ కష్టానికి సున్నా వేసుకుని లాభం వచ్చిందని రాస్తారు.

నీ ఉత్తరంలో లేనిది, నేను తప్పకుండా అడగాల్సింది ఇంకొకటుంది. మీ ఇళ్ల పడవలు ఎవరికి కట్టుబడి ఉన్నాయి? షావుకారు అడ్వాన్సు మీద నడిచే పడవ చేపని ఆయనకే దింపాలి. అప్పుడు మీ బల్లలు ఖాళీగా ఉంటాయి, లేదా ఆయన దగ్గరే కొనుక్కోవాలి. లోనులో కొంత భాగంతో ముందు రెండు మూడు పడవల అడ్వాన్సు తీర్చి, ఆ చేప గ్రూపుకి వచ్చేలా చేసుకోండి. అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. షావుకారుని శత్రువుగా కూడా చూడొద్దు. అర్ధరాత్రి కాన్పుకి ఆస్పత్రికి పోవాలంటే డబ్బు పెట్టేది ఆయనే. ఆ అక్కర గ్రూపు తీర్చలేకపోతే విడిపించుకున్న పడవ మళ్లీ ఆయన దగ్గరికే పోతుంది. పొదుపులో కొంత ఆపద సొమ్ముగా విడిగా పెట్టెలో ఉంచి, దాని తాళంచెవి మీ కాలనీలోనే ఒకరి దగ్గర పెట్టండి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అది మీకు కొత్తగా చెప్పాలా? బల్లలు, వలలు, ఉప్పు బస్తాలు తుపాను హెచ్చరిక రాగానే ఎక్కడికి చేర్చాలో ఇప్పుడే అనుకోండి. గోపాలపూర్ పక్కనే ఉన్న వెంకట్రాయపూర్‌ని 2020లో యునెస్కో సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా గుర్తించింది. జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహికీ అదే గుర్తింపు వచ్చింది. దానికి ఊరి మ్యాపు, తప్పించుకునే దారులు, హెచ్చరిక అందించే పద్ధతి, జనమంతా చేసే డ్రిల్లు కావాలి. మీ గ్రూపులో ఒకరిద్దరు వెళ్లి చూసి రండి, బస్సు దూరమే.

ప్రశ్న: మేడమ్, నేను బరంపురంలో ఎం.ఏ. చదువుతున్నాను. పేద దీవుల్లో జనమే ప్లాన్ వేసుకుని బాగుపడిన చోట్లు ఎక్కడైనా ఉన్నాయా? సెమినార్‌కి కావాలి.
— ఒక విద్యార్థిని

జవాబు: ఉన్నాయమ్మా. మూడు చెబుతాను.

ఫిలిప్పీన్స్‌లో అపో అని చాలా చిన్న దీవి. వేట తగ్గిపోతున్న రోజుల్లో, సిలిమన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఆంజెల్ అల్కాలా, ఆయన బృందం అక్కడివాళ్లతో ఏళ్లతరబడి మాట్లాడారు. 1980ల మొదట్లో దీవివాళ్లే తమ పగడపు దిబ్బలో కొంత భాగంలో వేట ఆపుకున్నారు. కాపలా కూడా వాళ్లదే. ఆపిన చోట చేప పెరిగింది, చూడటానికి వచ్చేవాళ్ల రుసుము దీవికి ఆదాయమైంది. అల్కాలాకి 1992లో మెగసెసే అవార్డు వచ్చింది.

స్కాట్లాండ్‌లో ఎయిగ్ అనే దీవి ఎప్పుడూ ఎవరో ఒక భూస్వామి చేతిలో ఉండేది. ఇంటికి లీజు భద్రత లేక, ఎవరూ గోడకి సున్నం వేయించుకోవడానికైనా వెనకాడే పరిస్థితి. 1997లో సుమారు 65 మంది దీవివాసులు విరాళాలు పోగుచేసి, స్థానిక కౌన్సిల్, ఒక వన్యప్రాణి సంస్థతో కలిసి ట్రస్టు పెట్టి దీవినే కొన్నారు. 2008లో గాలి, నీరు, ఎండలతో సొంత కరెంటు తెచ్చుకున్నారు. ఒక్కో ఇల్లు ఒకేసారి 5 కిలోవాట్లకి మించి వాడకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. నీ సెమినార్‌లో ఈ కట్టుబాటు మీద ఎక్కువసేపు మాట్లాడు. పైనుంచి ఏ అధికారో పెట్టి ఉంటే ఏడాది కూడా నిలిచేది కాదు.

మూడోది మన దేశంలోదే, సుందరవనాల్లో గోసాబా. డేనియల్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ వ్యాపారి 1903లో ఆ దీవుల భూమి లీజుకి తీసుకుని, వడ్డీ వ్యాపారుల్ని రానీయకుండా రైతులతో పరపతి సంఘాలు, ధాన్యం అమ్మే సంఘం, రైస్ మిల్లు పెట్టించాడు. 1936లో సొంతంగా రూపాయి నోటు కూడా వేయించాడు. డబ్బు దీవిలోనే తిరగాలన్నది ఆయన ఆలోచన. అంతకన్నా మంచి ఆలోచన నాకు కనబడలేదు. కానీ భూమీ ఆయనదే, నియమాలూ ఆయనవే. 1939లో ఆయన పోయాక ఆ వ్యవస్థ సన్నగిల్లిపోయింది. అపోనీ గోసాబానీ పక్కపక్కన పెట్టి చదువు.

ప్రశ్న: మేడమ్‌గారూ, నేను చిత్రకొండ ప్రాంతంలో టీచర్ని. మా బలిమెల రిజర్వాయర్ అవతలి ఊళ్లు ఏళ్ల తరబడి లాంచీ మీదే బతికాయి. వంతెన వచ్చాక వ్యాపారులు వ్యాన్లు వేసుకుని ఇళ్ల ముందుకే వచ్చి పచ్చి పసుపు కొంటున్నారు. జనానికి సుఖంగానే ఉంది గానీ, ధర వాళ్లు చెప్పిందే. వంతెన వల్ల మేలు జరిగిందా, కీడా?
— ఒక ఉపాధ్యాయుడు, మల్కన్‌గిరి జిల్లా

జవాబు: మేలే మాస్టారూ, సందేహం లేదు. ఆనకట్ట కట్టి 151 ఊళ్లని నీళ్లతో విడదీసిన తర్వాత, 910 మీటర్ల గురుప్రియ వంతెన కోసం జనం 2018 జులై దాకా ఎదురుచూశారు. కాన్పు నొప్పులతో లాంచీ కోసం ఒడ్డున కూర్చున్నవాళ్ల కష్టం ఏ లెక్కకీ అందదు. ఆ వంతెన రావాల్సిందే.

వ్యాను ఇంటి ముందుకు రావడం కూడా చెడ్డేం కాదు. పచ్చిది అమ్మడమే నష్టం. పసుపు ఉడకబెట్టి, రెండు వారాల చిల్లర ఎండబెట్టి, మెరుగు పెడితే ఐదు కిలోలకి సుమారు కిలో తేలుతుంది. బరువు తగ్గుతుంది, దాచుకోవచ్చు, ధర పెరిగేదాకా ఆగొచ్చు. ఆగగలిగినవాడితో వ్యాపారి మాట తీరే వేరు. ఊరికి ఒక పెద్ద బాన, ఒక సిమెంటు కళ్లం, తడవని గది ఉంటే పని మొదలవుతుంది. అయితే ఆ నెల బియ్యానికి డబ్బు కావాల్సినవాడు ఆగలేడు కదా. గ్రూపు దగ్గర సరుకు పెట్టుకుని సగం ధర ముందే ఇచ్చే ఏర్పాటు లేకపోతే కళ్లం మీద మేకలే పడుకుంటాయి. అందుకని కళ్లం కన్నా ముందు ఆ సొమ్ము సంగతి తేల్చండి.

మీ జిల్లా మొత్తం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకి ఉద్దేశించిన అయిదో షెడ్యూలు కిందికి వస్తుంది. ఆ ప్రాంతాల పంచాయతీలకి వర్తించే 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి ప్రణాళికల్ని పంచాయతీ మొదలుపెట్టేముందు గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారుల్ని ఎంచేదీ గ్రామసభే. ఖర్చయిన డబ్బుకి వినియోగ ధ్రువపత్రం పంచాయతీ గ్రామసభ నుంచే తీసుకోవాలి. ఈ చివరిది చాలా ఊళ్లకి తెలియదు. ఈ నియమాల్ని మీ పై తరగతి పిల్లల చేత ఇంటి దగ్గర చదివించండి. మీ బడి నుంచి అంతకన్నా విలువైన హోంవర్కు నాకు తోచడం లేదు.

ప్రశ్న: మా వాడలో అందరం తెలుగువాళ్లం. పల్లిసభ తీర్మానాలు ఒడియాలో రాస్తారు. మా పెద్దవాళ్లకి చదవడం రాదు, చూపించినచోట సంతకం పెట్టేస్తారు. తెలుగులో చెప్పమని అడిగితే గొడవవుతుందా?
— ఒక యువకుడు, ఛత్రపురం

జవాబు: గొడవ ఎందుకవుతుంది నాయనా? రికార్డు ఒడియాలోనే ఉండనివ్వు. సంతకాలకి ముందు ప్రతి తీర్మానాన్నీ పైకి చదివి, మీలో ఒడియా వచ్చిన కుర్రవాడు ఒకడు తెలుగులో చెప్పేదాకా ఆగమని మర్యాదగా అడుగు. ఏ పని, ఏ చోట, ఎంత డబ్బు, ఎప్పటికి అన్న నాలుగూ వినబడాలి. ఖాళీ పేజీ మీద గానీ, తీర్మానానికీ సంతకాలకీ మధ్య తెల్లగా వదిలేసిన జాగా ఉన్న పేజీ మీద గానీ ఎవరినీ సంతకం పెట్టనివ్వకు. అయ్యాక పుస్తకం అక్కడే ఉండగా ఆ పేజీ ఫోటో తీసి వాడ వాట్సాప్ గ్రూపులో పెట్టు.